ట్రిగ్గర్ బ్లేడ్ మార్చాలా, వేలికి వైద్యం చేయించాలా?

ప్రశ్న: నా వయసు 43. బ్యాంకులో పనిచేస్తాను. ఆరేళ్లుగా మధుమేహం ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. మా అమ్మాయిని షూటింగ్ శిక్షణకు తీసుకెళ్తూ నేనూ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకోవడం మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. కుడిచేత్తో కాలుస్తాను. ఇంట్లో రోజూ సాయంత్రం పెల్లెట్ (చిన్న గుండు) లేకుండా రెండు వందల సార్లు ట్రిగ్గర్ నొక్కుతాను. మూడు నెలల క్రితం లోతుగా వంపు తిరిగిన సన్నటి ట్రిగ్గర్ బ్లేడ్ (ట్రిగ్గర్ మీద వేలు ఆనే భాగం) వేయించుకున్నాను. అప్పటినుంచి చూపుడు వేలి కొస, మధ్యవేలి వైపున తిమ్మిరిగా ఉంటోంది. నెలరోజులుగా పొద్దున్నే ఆ వేలు మడతలో ఇరుక్కుని, రెండో చేత్తో లాగితే టక్కున తెరుచుకుంటోంది. ఇంటర్నెట్‌లో చూస్తే ‘ట్రిగ్గర్ ఫింగర్’ అని ఉంది. మళ్లీ బ్లేడ్ మార్చితే తగ్గుతుందా? లేకపోతే ఎడమచేతికి మారిపోవాలా?

సమాధానం: మీ ఉత్తరంలో రెండు వేర్వేరు బాధలున్నాయి. వేలి కొసన తిమ్మిరికి మీ కొత్త బ్లేడ్ కారణమయ్యే అవకాశం చాలా ఎక్కువ. వేలు ఇరుక్కుపోవడం మాత్రం అరచేతిలోని జబ్బు, దాన్ని ఏ బ్లేడూ నయం చేయలేదు. ఈ రెండింటినీ ఒకే గాటన కడితే పిస్టల్ మీద డబ్బు ఖర్చవుతూనే ఉంటుంది, వేలు మాత్రం ఇరుక్కుంటూనే ఉంటుంది.

ముందుగా పేరు తెచ్చిన చిక్కు గురించి చెప్పాలి. ట్రిగ్గర్ ఫింగర్ అన్న మాట విని ఇది తుపాకీ కాల్చేవాళ్ల జబ్బని చాలామంది అనుకుంటారు. మడిచిన వేలు ట్రిగ్గర్ విడిచినట్టు ఒక్కసారిగా టక్కున తెరుచుకుంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందే తప్ప, నా దగ్గరికి ఈ బాధతో వచ్చేవారిలో అత్యధికులు పిస్టల్‌ను చేత్తో తాకనివాళ్లే, వారిలో గృహిణులు, దర్జీలు, మధుమేహం ఉన్నవారు ఎక్కువ. సాధారణంగా ఇది బొటనవేలికీ ఉంగరం వేలికీ ఎక్కువగా వస్తుంది. వేలిని మడిచే స్నాయువు అరచేతిలో వేలి మొదలు దగ్గర ఒక చిన్న గొట్టంలోంచి జారుతూ ఉంటుంది. పైజామా బొందుకు ముడి పడితే నడుం పట్టీ నోటి దగ్గర ఎలా ఆగిపోతుందో, ఆ స్నాయువు మీద వాపు వచ్చి, గొట్టం మందమైనప్పుడు వేలు కూడా అలాగే ఆగిపోతుంది. మధుమేహం దీనికి పెద్ద కారణం, రోజుకు రెండు వందల నొక్కులు దానికి తోడయ్యాయి. ఎడమచేతి బొటనవేలితో కుడి అరచేతిలో, చూపుడు వేలి మొదలు కింద, మడత గీత దగ్గర గట్టిగా అదిమి చూడండి. అక్కడ బఠాణీ గింజంత గడ్డ తగిలి నొప్పెడితే నా అనుమానం నిజమైనట్టే.

ఇక తిమ్మిరి. వేలికి రెండు పక్కలా ఒక్కో సన్నటి నరం కొస దాకా నడుస్తుంది. వేలి కొసన మధ్యలో మెత్తటి గుజ్జు ఉంటుంది కాబట్టి అక్కడ ఒత్తిడి పడినా నరాలకు దెబ్బ తగలదు. కణుపు మడత దగ్గర ఆ గుజ్జు పలచన, పక్కల్లో మరీ పలచన. లోతైన వంపున్న సన్న బ్లేడ్‌లో లావుపాటి వేలు పూర్తిగా ఇమడదు, దాంతో వంపు కింది పెదవి వేలి కింది పక్కను, అంటే మధ్యవేలి వైపును, ప్రతి నొక్కుకూ కోస్తున్నట్టు ఒత్తుతుంది. మీరు చెప్పిన చోటు సరిగ్గా అదే. మధుమేహపు నరాల జబ్బయితే సాధారణంగా రెండు పాదాల నుంచీ మొదలవుతుంది గానీ ఒక వేలి ఒక పక్కనే ఎంచుకుని రాదు. ఒకవేళ రాత్రుళ్లు బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు మూడూ మొద్దుబారి నిద్రలేపుతుంటే మాత్రం మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోందేమో చూడటానికి నరాల పరీక్ష చేయించాలి.

వేలు ఎక్కడ ఆనాలి అన్నది కోచ్ చెప్పే సంగతే అయినా వైద్యుడిగా నా లెక్క కూడా అదే. వేలి కొసకూ మొదటి కణుపు మడతకూ సరిగ్గా నడుమ ఉన్న గుజ్జు బ్లేడ్ మధ్యలో ఆనాలి, నొక్కు తిన్నగా వెనక్కి, బ్యారెల్ గీత వెంబడి పోవాలి. మడత దగ్గర ఆనితే కుడిచేతి వాటం వారి పిస్టల్ మామూలుగా కుడికి లాగుతుంది, మరీ కొసతో నొక్కితే ఎడమకు తోస్తుంది. 10 మీటర్ల అవతల గురిపలక నడిమధ్య ఉండే పదో వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లే కాబట్టి వేలు కాస్త పక్కకు లాగినా అంకె మారిపోతుంది. అరచేతి వైపు నుంచి వేలి మొదటి రెండు భాగాలు గ్రిప్‌కు, అంటే పిస్టల్ పిడికి, తగలకూడదు, కొసన ఉన్న కణుపులే కదలాలి. చూపుడు వేలు కదిలినప్పుడు మిగతా వేళ్లు కూడా బిగుసుకోవడం సహజం, ఎందుకంటే వాటిని మడిచే కండరాలు ముంజేతిలో పక్కపక్కనే అల్లుకుని ఉంటాయి. పిస్టల్‌ను పిడికిలి పట్టినట్టు బిగించేవారికి ఈ బెడద ఎక్కువ, స్నాయువు గొట్టానికి రాపిడీ ఎక్కువే.

దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు. పెల్లెట్ లేదని, పిస్టల్ సురక్షిత దిశలో ఉందని రెండుసార్లు చూసుకున్నాక బ్లేడ్ నడిమధ్యన కడిగితే పోయే స్కెచ్ పెన్‌తో నిలువు గీత గీయండి. కళ్లు మూసుకుని, గ్రిప్‌ను ఎప్పటిలాగే పట్టుకుని, ఐదారుసార్లు నొక్కి వేలిని చూసుకోండి. మరక గుజ్జు మధ్యలో కాకుండా మడత దగ్గర పడితే బ్లేడ్ మీ అరచేతికి మరీ దగ్గరగా ఉందని అర్థం. చాలా పోటీ పిస్టళ్లలో బ్లేడ్‌ను ముందుకూ వెనక్కూ జరపడానికి, కాస్త వంచడానికి, తిప్పడానికి మరలు ఉంటాయి, అలెన్ కీ చాలు. ఆకారం విషయంలో మీకు నా సూచన: వెడల్పైన, అంచులు నున్నగా గుండ్రంగా ఉన్న, వంపు తక్కువగా ఉన్న బ్లేడ్. ట్రిగ్గర్ నొక్కడానికి పట్టే అదే 500 గ్రాముల బరువు ఎక్కువ చోట పరుచుకుంటుంది కాబట్టి గుజ్జు మీద గాటు పడదు. పూర్తిగా చదునైన బ్లేడ్ మీద వేలు ప్రతిసారీ వేరే చోట ఆనే అవకాశం ఉంది, కాబట్టి కొత్తగా నేర్చుకునేవారికి నేను దాన్ని సిఫారసు చేయను. బ్లేడ్‌ను ఇంట్లో ఆకురాయితో రాయవద్దు. బ్లేడ్ జరిపినా, మార్చినా మీట పొడవు మారి నొక్కు బరువు మారుతుంది. ఎయిర్ పిస్టల్‌కు కనీసం 500 గ్రాములు ఉండాలి కాబట్టి మార్పు చేసిన ప్రతిసారీ బ్యారెల్‌ను నిటారుగా పట్టి తూకపు రాయితో సరిచూసుకోండి.

ఒక్క హెచ్చరిక. ఇరుక్కుంటున్న వేలికి అనువుగా బ్లేడ్‌ను ఇప్పుడే సరిచేయవద్దు. వాపుతో ఉన్న వేలు చేతికి అలవాటైన చోట ఆనదు, వాపు తగ్గాక మళ్లీ అంతా మొదటికొస్తుంది. ముందు ఆరు వారాలు పెల్లెట్ లేని సాధన పూర్తిగా ఆపండి. వేలి మొదలు మడవకుండా పట్టీ వేసి రాత్రుళ్లు పడుకోండి. నొప్పి మాత్రలు సొంతంగా వాడవద్దు, మధుమేహం ఉన్నవారు మూత్రపిండాల పరీక్ష చూసుకునే వాడాలి. తగ్గకపోతే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తాం, దానివల్ల కొన్ని రోజులు చక్కెర పెరుగుతుంది, మధుమేహం ఉన్నవారిలో ఫలితం కాస్త తక్కువే. అప్పటికీ లొంగకపోతే అరచేతిలో చిన్న కోతతో ఆ గొట్టాన్ని తెరిచే శస్త్రచికిత్స ఉంది, చెయ్యి మాత్రమే మొద్దుబార్చి చేస్తాం, చాలామంది అదే రోజు ఇంటికి వెళ్తారు. మీరు పోటీల్లో పాల్గొంటుంటే ఇంజెక్షన్‌కు ముందు తేదీలు చెప్పండి, ఎందుకంటే డోపింగ్ నిబంధనల ప్రకారం 2022 నుంచి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఏవైనా పోటీ సమయంలో నిషిద్ధం. రక్తపోటుకు వాడే బీటా బ్లాకర్ మాత్రలైతే షూటింగ్‌లో పోటీలు లేని రోజుల్లో కూడా నిషిద్ధం. మీ మెట్‌ఫార్మిన్‌తో ఇబ్బంది లేదు.

ఎడమచేతికి మారడం గురించి అడిగారు. హంగరీ సైనికుడు కరోలీ తకాచ్ కుడిచేయి 1938లో గ్రనేడ్ పేలి ఛిద్రమైతే, ఎడమచేత్తో నేర్చుకుని 1948 లండన్, 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో రాపిడ్ ఫైర్ పిస్టల్ స్వర్ణాలు గెలిచారు. ఆయనకు వేరే దారి లేదు, మీకు ఉంది. చెయ్యి మారిస్తే గ్రిప్ మార్చాలి, గురి చూసే కన్నుతోనూ పేచీ వస్తుంది, పైగా చక్కెర అదుపులో లేకపోతే ఎడమచేతి వేలు కూడా ఇరుక్కోవచ్చు. మూడు నెలల సగటు చక్కెర పరీక్ష చేయించి ఎంతుందో నాకు రాయండి.

చేతి శస్త్రచికిత్స నిపుణుడి దగ్గరికి వెళ్లేటప్పుడు పిస్టల్‌ను ఆసుపత్రికి తీసుకెళ్లకండి, చూసేవారికి అది ఎయిర్ పిస్టలో, అసలుదో తెలియదు. గ్రిప్ పట్టుకున్న చేతిని పక్క నుంచీ, ముందు నుంచీ తీసిన రెండు ఫోటోలు, పాత బ్లేడూ కొత్త బ్లేడూ కాగితంలో చుట్టి తీసుకెళితే సరిపోతుంది.