వీప్ ఎవరి మాట?

తమ్ముడూ,

ఆశీస్సులు. నీ కథ అందిన రోజే చదివాను, నిన్న మళ్లీ చదివాను. 1950 నాటి వాషింగ్టన్‌ను తెలుగులో నిలబెట్టాలన్న నీ పట్టుదల చూసి సంతోషం కలిగింది. ఒక్కచోట మాత్రం ఆగిపోయాను. అమెరికా ఎగువ సభ అయిన సెనేట్ భవనంలో కాపలాదారు "వీప్ వస్తున్నారు" అంటాడు. పేజీ అడుగున నువ్వు "ఉపాధ్యక్షుడికి వాడుక పేరు" అని రాసి ముందుకు వెళ్లిపోయావు. అర్థం సరైనదే, కానీ ఆ మాట వెనకున్న మనిషి కథలోకి రాలేదు.

ఆయన ఆల్బెన్ బార్క్‌లీ, కెంటకీ రాష్ట్రీయుడు. సెనేట్‌లో పదేళ్లకు పైగా డెమొక్రాట్లను నడిపించి, 1949 జనవరిలో, 71 ఏళ్ల వయసులో, అధ్యక్షుడు ట్రూమన్ దగ్గర ఉపాధ్యక్షుడయ్యారు. "మిస్టర్ వైస్ ప్రెసిడెంట్" అన్న పిలుపు ఆయన పదేళ్ల మనవడికి నోరు తిరగనంత పొడుగ్గా తోచింది. వి, పి అక్షరాల నడుమ రెండు 'ఇ'లు పెడితే వీప్ అవుతుంది కదా అన్నాడు. తాతగారు మురిసిపోయి ఆ ముచ్చట విలేకరులకు చెప్పారు. పత్రికలు అందుకున్నాయి, దేశమంతా పాకింది.

మన ఎమ్మెల్యేతో పోల్చి చూడు. అక్కడ మూడు అక్షరాల పేర్లు నాలుక మీద సంధి కలిసి ఒకే మాటయ్యాయి. ఎవరు కలిపారో చెప్పలేం, అందరి నోళ్లూ కలిపాయి. వీప్ అలా పుట్టలేదు, ఒక ఇంట్లో ఒక పిల్లవాడి గారాబంలో పుట్టింది. నీ కథకు కావలసిన తడి అక్కడే ఉంది.

1953లో ఆ పదవిలోకి వచ్చిన నిక్సన్ ఆ పేరు తనకు వద్దన్నారు. జనం బార్క్‌లీకి ప్రేమతో ఇచ్చుకున్నది, అది ఆయనదే అన్నారు. తర్వాతి కాలంలో పత్రికలు ఉపాధ్యక్షులందరికీ తగిలించాయనుకో. కానీ నీ కథ జరిగే 1950లో అది ఇంకా పదవి పేరు కాదు, ఒక ముసలాయన ముద్దుపేరు. దాన్ని ఆ బరువుతోనే పలికించు.

కాపలాదారు నోట మాత్రం వద్దు. సభలో అధ్యక్ష స్థానంలో కూర్చున్నప్పుడు సభ్యులు ఆయన్ను "మిస్టర్ ప్రెసిడెంట్" అని సంబోధించాలి, ఎందుకంటే సెనేట్‌కు అధ్యక్షుడు ఆయనే. అంత మర్యాద నడిచే గుమ్మం దగ్గర ఉద్యోగి ముద్దుపేరు వాడడు. వరండాలో కాచుకున్న విలేకరి వాడతాడు. ఆ మాట అతనికి ఇవ్వు.

ఇంకొకటి, చెవికి సంబంధించినది. మన భాష పొల్లును ఊరికే ఉండనివ్వదు. నువ్వు మూడుచోట్ల "వీపుకు", "వీపును" అని రాశావు. చదివేవాడికి నడుము పైభాగం తప్ప వాషింగ్టన్ కనబడదు. కథనంలో "ఉపాధ్యక్షుడు" అనే రాయి. వీప్‌ను సంభాషణల్లోనే, విభక్తులు అంటకుండా వాడు.

అడుగున రాసిన అర్థం తీసెయ్యి. మనవడి సంగతి ఆ విలేకరి తన స్నేహితుడికి చెబుతున్నట్టు నాలుగు వాక్యాలు రాస్తే చాలు. మంచు కురిసే చివరి దృశ్యం ముట్టుకోకు, బాగుంది. దిద్దిన ప్రతి సంక్రాంతి లోపు పంపు, చదువుతాను.

నీ
అన్నయ్య