అప్‌గ్రేడ్ మధ్యలో ‘వై’ నొక్కాలా, ‘ఎన్’ నొక్కాలా?

మీరు అడిగింది ఇదీ: రాయగడలో షాపు సర్వర్‌ని ఉబుంటు 18.04 నుంచి 20.04కి డు-రిలీజ్-అప్‌గ్రేడ్ కమాండ్‌తో మారుస్తున్నారు. డేటాబేస్ నడిపే మైఎస్‌క్యూఎల్ కాన్ఫిగరేషన్ (సెట్టింగుల) ఫైల్ దగ్గర ఆగి, ‘కొత్తది పెట్టాలా (వై), ఉన్నది ఉంచాలా (ఎన్)’ అంటోంది. ఏది నొక్కాలో తెలియక అలాగే వదిలేసి కూర్చున్నారు.

వదిలేసి మంచి పని చేశారు. మీరు జవాబిచ్చేదాకా అది కదలదు, టెన్షన్ పడకండి. ముందు ‘డి’ నొక్కండి. మీ ఫైలుకీ కొత్త ఫైలుకీ ఉన్న తేడాలు చూపిస్తుంది. మైనస్ గుర్తు ఉన్న లైన్లు మీవి, ప్లస్ ఉన్నవి కొత్తగా వచ్చేవి. చదివాక ‘క్యూ’ నొక్కితే మళ్లీ ప్రశ్న దగ్గరికే వస్తారు.

అసలు ఈ ప్రశ్న ఎందుకు వస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది. ఉబుంటులో ప్రోగ్రాములు ఎక్కించే డీపీకేజీ తాను ఇచ్చిన ప్రతి కాన్ఫిగరేషన్ ఫైలుకీ ఒక చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో పట్టిచ్చే గుర్తు) దాచుకుంటుంది. మీరు ముట్టుకోని ఫైలైతే అడగకుండానే మార్చేస్తుంది. మీరు మార్చి, ఉబుంటు వాళ్లు మార్చకపోతే మీది అలాగే ఉంచుతుంది. మీరూ మార్చి, వాళ్లూ మార్చినప్పుడే అడుగుతుంది. అందుకే ఈ ప్రశ్నలు వచ్చేవి కొన్నే, వచ్చిన ప్రతిదీ ఆగి చదవాల్సిందే. వరసగా ‘వై’ నొక్కినా తప్పే, వరసగా ‘ఎన్’ నొక్కినా తప్పే. నేను రెండూ చేశాను.

పర్లాకిమిడిలో ఒక హోల్‌సేల్ కిరాణా షాపుకి కంప్యూటర్ల పని చూస్తాను. పాతపట్నం, మెళియాపుట్టి వైపు ఖాతాదారుల పేర్లు తెలుగులో ఉంటాయి, కాశీనగర్ వైపు వాళ్లవి ఒడియాలో. తిత్లీ తుఫాను వచ్చి వెళ్లాక, 2019 జనవరిలో ఆ సర్వర్‌ని 16.04 నుంచి 18.04కి మార్చాను. ఇదే ప్రశ్న వచ్చింది. కొత్తది మంచిదే కదా అని ‘వై’ నొక్కాను. వెంటనే మిగతా కంప్యూటర్లు డేటాబేస్‌కి కనెక్ట్ కాలేదు. ఏ నెట్‌వర్క్ అడ్రస్ మీద కనెక్షన్లు తీసుకోవాలో చెప్పే బైండ్-అడ్రస్ లైన్ పోయిందని తెలిసి సరిచేశాను, బిల్లులు రావడం మొదలైంది. పని అయిపోయిందనుకున్నాను. మిగతా లైన్లు పోల్చి చూడలేదు.

ఏప్రిల్ 1 ఉత్కళ దివస్, షాపు సెలవు. మర్నాడు పొద్దున కొత్త సంవత్సరం ఖాతాలు తెరిచారు. మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఏటా కొత్త డేటాబేస్ తయారుచేస్తుంది. అందులో తెలుగు పేరు కొట్టినా, ఒడియా పేరు కొట్టినా ‘ఇన్‌కరెక్ట్ స్ట్రింగ్ వాల్యూ’ అని తిరగ్గొట్టింది. ఇంగ్లిష్‌లో కొడితే తీసుకుంటోంది. జనవరిలో నేను తుడిచేసిన లైన్లలో, అక్షరాలని ఏ పద్ధతిలో దాచాలో చెప్పే క్యారెక్టర్-సెట్-సర్వర్ కూడా ఉంది. ఆ లైన్ లేకపోతే మైఎస్‌క్యూఎల్ 5.7 కొత్త డేటాబేస్‌ని లాటిన్1లో చేస్తుంది, అందులో మన అక్షరాలకి చోటు లేదు. పాత డేటాబేస్ తన సెట్టింగ్ తనతోనే ఉంచుకుంటుంది కాబట్టి రెండు నెలలు ఏమీ బయటపడలేదు. షావుకారు గారు ఒక్క మాట అనలేదు గానీ, కౌంటర్ దగ్గర నిలబడ్డ లారీ వాళ్లని చూస్తే నాకు చాలా బాధేసింది. ‘వై’ నొక్కినప్పుడు పాత ఫైలు పక్కనే డీపీకేజీ-ఓల్డ్ అన్న తోకతో మిగిలి ఉంటుంది. లైన్లు దాంట్లోంచి తెచ్చి పెట్టి, కొత్త డేటాబేస్ మళ్లీ చేయించాను.

2023లో 18.04 మామూలు సపోర్ట్ మే నెలతో అయిపోతుందని 20.04కి వెళ్లాను. ఈసారి భయపడి ‘ఎన్’ నొక్కాను. మైఎస్‌క్యూఎల్ అసలు లేవలేదు. కారణం క్వెరీ క్యాష్, అంటే ఒకసారి వెతికిన జవాబుల్ని దాచిపెట్టుకునే సదుపాయం. 20.04లో వచ్చేది మైఎస్‌క్యూఎల్ 8.0, అందులో క్వెరీ క్యాష్‌ని పూర్తిగా తీసేశారు. 18.04తో వచ్చిన ఫైల్లో మాత్రం క్వెరీ-క్యాష్-సైజ్, క్వెరీ-క్యాష్-లిమిట్ లైన్లు ఉంటాయి. తెలియని పేరు కనిపిస్తే సర్వర్ అక్కడే ఆగిపోతుంది. మీరు ఇప్పుడు నిలబడింది సరిగ్గా ఈ మెట్టు మీదే, కాబట్టి ‘ఎన్’ మాత్రం నొక్కవద్దు.

మీరు చేయాల్సింది చెప్తాను. ఇంకో టెర్మినల్ తెరిచి ముందు ఉన్న ఫైలుని మీ హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. అప్‌గ్రేడ్‌కి ముందు డేటాబేస్ డంప్ (మొత్తం డేటా కాపీ) తీసి ఉండకపోతే, మైఎస్‌క్యూఎల్ ఆగి ఉందని ఖాయం చేసుకుని, వార్ కింద లిబ్‌లో ఉన్న మైఎస్‌క్యూఎల్ ఫోల్డర్ మొత్తం బయటి డిస్క్‌లోకి కాపీ చేయండి. 8.0కి వెళ్లిన డేటా వెనక్కి 5.7కి రాదు, ఈ ఒక్క పని మానవద్దు.

తర్వాత ‘డి’ చూపించిన మైనస్ లైన్లలో మీరు స్వయంగా రాసినవి ఏవో ఏరండి. వాటిని ఈటీసీ కింద మైఎస్‌క్యూఎల్ లోపల ఉన్న మైఎస్‌క్యూఎల్-డాట్-కాన్ఫ్-డాట్-డీ ఫోల్డర్‌లో, పైన మైఎస్‌క్యూఎల్‌డీ (సర్వర్ ప్రోగ్రామ్ పేరు) హెడర్ పెట్టి, మీ సొంత ఫైలుగా రాయండి. క్వెరీ క్యాష్ లైన్లు, ఇన్నోడీబీ-ఫైల్-ఫార్మాట్, ఇన్నోడీబీ-లార్జ్-ప్రిఫిక్స్ అందులోకి రానివ్వకండి, 8.0 వాటిని ఒప్పుకోదు. ఎస్‌క్యూఎల్-మోడ్‌లో నో-ఆటో-క్రియేట్-యూజర్ ఉంటే అదీ తీసేయండి. అప్పుడు ‘వై’ నొక్కండి. బైండ్-అడ్రస్ మాత్రం అసలు ఫైల్లో కూడా ఉంటుంది. ఆ ఫోల్డర్‌లో ఫైళ్లు ఏ వరసలో చదువుతుందో మైఎస్‌క్యూఎల్ హామీ ఇవ్వదు కాబట్టి దాన్ని అసలు ఫైల్లోనే మార్చుకోండి.

తెలుగు, ఒడియా పేర్లున్న వాళ్లకి ఇంకో మాట. 8.0లో అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్8ఎంబీ4 దానంతటదే వస్తుంది, ఆ బాధ తీరింది. కానీ కొలేషన్ (పేర్లు పోల్చే, వరస పెట్టే పద్ధతి) మారింది. పాత పట్టికలు జనరల్-సీఐలో ఉండి, కొత్త ఏడాది పట్టికలు 0900-ఏఐ-సీఐలో తయారైతే, నిరుటి బాకీలు ముందుకి తెచ్చేటప్పుడు పేర్లు పోల్చగానే ‘ఇల్లీగల్ మిక్స్ ఆఫ్ కొలేషన్స్’ వస్తుంది. అందుకని కొలేషన్-సర్వర్‌ని మీ పాత పట్టికలతో కలిసేలా సొంత ఫైల్లో రాసేయండి. ఏప్రిల్ దాకా ఆగి తెలుసుకోవద్దు.

ఇంటి నుంచి ఎస్ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే దారి) చేస్తున్నారా? వాన పడితే మన వైపు లైన్ సంగతి తెలిసిందే. డు-రిలీజ్-అప్‌గ్రేడ్ లైన్ తెగినా పనిని నడిపించే ‘స్క్రీన్’ అన్న ప్రోగ్రామ్‌లో నడుస్తుంది, తోడుగా 1022 పోర్ట్ మీద ఇంకో ఎస్ఎస్‌హెచ్ కూడా తెరుస్తుంది. లైన్ తెగినా పని ఆగదు, మళ్లీ లోపలికి వెళ్లి అదే కమాండ్ ఇస్తే అక్కడికే చేరుస్తుంది. మామూలు ఆప్ట్ అప్‌గ్రేడ్‌కి ఈ రక్షణ లేదు, దానికి స్క్రీన్ లాంటిదే అయిన టీమక్స్‌లోనే పని మొదలుపెట్టండి.

ఇది ముగిశాక ఈటీసీకీపర్ వేసుకోండి. ఈటీసీ ఫోల్డర్‌ని, మార్పుల చరిత్ర దాచే గిట్‌లో పెట్టి, ఆప్ట్ నడిచిన ప్రతిసారీ ముందూ వెనకా కమిట్ (నమోదు) చేస్తుంది. 2019లో నా దగ్గర అది ఉంటే ఏ లైన్ పోయిందో ఒక్క నిమిషంలో తెలిసేది. ఇకముందు కాన్ఫిగరేషన్ మార్చినప్పుడు సర్వర్ రీస్టార్ట్ చేసే ముందు, మైఎస్‌క్యూఎల్‌డీకి వ్యాలిడేట్-కాన్ఫిగ్ ఇచ్చి ఫైల్లో తప్పులున్నాయేమో చూడండి. ఎన్‌జినెక్స్ (వెబ్ సర్వర్) ఉంటే దానికి అదే పనికి మైనస్-టీ ఉంది, ఎస్ఎస్‌హెచ్‌డీకీ అంతే.

20.04కి కూడా మామూలు సపోర్ట్ 2025 మేలో అయిపోయింది, కాబట్టి మీరు 22.04కి వెళ్లక తప్పదు. ఆ అడుగు వేసే ముందు ఈటీసీలో డీపీకేజీ-డిస్ట్, డీపీకేజీ-ఓల్డ్, యూసీఎఫ్-డిస్ట్ తోకలున్న ఫైళ్లు (అప్‌గ్రేడ్‌లు పక్కన వదిలిన కాపీలు) ఫైండ్ కమాండ్‌తో వెతికి, ఒక్కొక్కటీ తేల్చుకోండి. ‘డి’ నొక్కాక వచ్చిన తేడాలు చూసి అర్థం కాకపోతే, పాస్‌వర్డ్‌లు తీసేసి ఇక్కడే పెట్టండి. ఈ రాత్రి నేను మెలకువగానే ఉంటాను.