పాత ఓడ పరుగు, కొత్త ఓడ నడక

ప్రశ్న: 1952లో ఒక ఓడ అట్లాంటిక్‌ను మూడున్నర రోజుల్లో దాటిందని చదివాను. ఇప్పుడు ఏడు రాత్రులు పడుతుందట. కొత్త ఓడలు పాతవాటికంటే నెమ్మదా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: నెమ్మదేనమ్మా, అదీ కావాలనే. ఇరవై రెండేళ్లు ఓడల ఇంజను గదుల్లో చెమటోడ్చినవాడిగా చెబుతున్నాను. మీరు చదివింది ‘యునైటెడ్ స్టేట్స్’ ఓడ గురించి. దాని సగటు వేగం 35 నాట్లకు పైనే, గంటకు దాదాపు 66 కిలోమీటర్లు! అప్పట్లో అవతలి ఒడ్డుకు ముందు చేర్చిన ఓడదే పేరు. 1958లో అట్లాంటిక్ మీదికి జెట్ విమానాలు వచ్చాయి, ఆ పందెం ముగిసింది.

ఇప్పటి విహార నౌక ‘ఐకాన్ ఆఫ్ ది సీస్’ వేగం 22 నాట్లే. ఈతకొలనులో జలకాలాడేవారికి తొందరేముంది? అసలు గుట్టు ఇంధనంలో ఉంది. వేగం రెట్టింపు కావాలంటే ఇంజనుకు సుమారు ఎనిమిది రెట్ల శక్తి కావాలి. ఒక్క నాట్ పెంచమంటే చాలు, మా చీఫ్ ఇంజనీరు గారు కట్నం అడిగినట్టు ముఖం పెట్టేవారు.

‘క్వీన్ మేరీ 2’ మాత్రం 30 నాట్ల దాకా పరుగెత్తగలదు. మీరు విన్న ఏడు రాత్రులు దానివే. సత్తువ ఉండీ తీరిగ్గా నడుస్తుంది.