భూగర్భంలో అంత చోటుంటే కార్బన్ డయాక్సైడ్‌ని పెద్ద ఎత్తున ఎందుకు దాచలేకపోతున్నారు?

భూమి లోపల వందల ఏళ్లకు సరిపడా చోటుందంటున్నారు కదా, మరి ఈ పని ఇంత నెమ్మదిగా ఎందుకు సాగుతోంది, మన కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్‌లో కుదురుతుందా అని అడిగారు. గ్యాస్ బావుల్లో ప్రెజర్ లెక్కలు చూసే ఉద్యోగం నాది. నేను చూసినంతలో చోటు ఉండటం వేరు, అందులోకి ఎక్కించగలగడం వేరు.

మొదటి ప్రాజెక్టులోనే నాకిది తెలిసొచ్చింది. కిలోమీటరున్నర లోతులో ఒక ఇసుకరాయి పొర. దాని వైశాల్యం, మందం, రాతిలో రంధ్రాల శాతం గుణించి, కోట్ల టన్నులు పడతాయని నివేదిక రాశాను. మా సీనియర్ చదివి, "ఇప్పుడు అందులో ఉన్న నీళ్లు ఎక్కడికి పోతాయమ్మా?" అని అడిగారు.

ఆ రంధ్రాలు ఖాళీగా ఉండవు, ఉప్పునీటితో నిండి ఉంటాయి. కార్బన్ డయాక్సైడ్ పంపితే ఆ నీరు పక్కకు జరగాలి. దారి లేకపోతే ప్రెజర్ పెరుగుతుంది. హద్దు దాటితే పైన మూతలా ఉన్న షేల్ రాయి పగలొచ్చు. అందుకే ఆ హద్దుకు చాలా ముందే ఆపేయాలి.

తర్వాత అదే పొరలోకి కొన్ని రోజులు నీళ్లు పంపి, ఆపేసి, గేజ్ చూస్తూ కూర్చున్నాం. మంచి పొరైతే ప్రెజర్ మెల్లగా పాత స్థాయికి దిగుతుంది. మాది కొంత దిగి అక్కడే నిలబడిపోయింది. మూడో రాత్రి కూడా ఆ గీత కదలకపోయేసరికి టెన్షన్‌తో నాకు నిద్ర పట్టలేదు. మేం ఒకటే అనుకున్న పొర లోపల ఫాల్టులతో, అంటే రాతి పొరలు విరిగి జరిగిన చోట్లతో, గదులు గదులుగా విడిపోయి ఉంది. నేను రాసిన అంకెలో పదో వంతు కూడా మిగల్లేదు.

పెద్ద ప్రాజెక్టులకూ ఇదే ఎదురైంది. నార్వేలో స్నోవిట్ గ్యాస్ క్షేత్రం దగ్గర 2008లో పంపడం మొదలుపెడితే, అనుకున్నదానికంటే త్వరగా ప్రెజర్ పెరిగి 2011లో వేరే పొరకు మారాల్సి వచ్చింది. అదే నార్వేలో స్లైప్నర్ ప్రాజెక్టు 1996 నుంచి నడుస్తోంది, ఎందుకంటే అక్కడి ఉట్సిరా ఇసుకరాయి చాలా విశాలమైనది, నీరు జరగడానికి దారుంది. ఆస్ట్రేలియాలోని గోర్గాన్ ప్రాజెక్టులో ప్రెజర్ తగ్గించడానికి పొరలోని నీటిని బయటికి తోడే బావులు వేశారు. వాటిలో ఇసుక చేరి ఇబ్బంది పెట్టడంతో, అనుకున్నంత గ్యాస్ పంపలేకపోయారు.

స్లైప్నర్‌లో ఒకే బావి గుండా ఏడాదికి సుమారు 10 లక్షల టన్నులు వెళ్లేవి. ప్రపంచం బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చి ఏటా వదిలే కార్బన్ డయాక్సైడ్ దాదాపు 3,700 కోట్ల టన్నులు. అందులో 100 కోట్ల టన్నులు దాచాలన్నా అలాంటి బావులు వెయ్యి కావాలి. వాటిని ఒకచోట వేయడానికీ కుదరదు. ఊళ్లో పక్కపక్కనే వేసిన రెండు బోర్లు ఒకదాని నీళ్లు ఒకటి లాగేసుకుంటాయి చూడండి, ఇక్కడ ఒక బావి పెంచిన ప్రెజర్ పక్క బావికి అడ్డం పడుతుంది. విస్తరణలో అసలు చిక్కు నాకు ఇక్కడే కనిపిస్తుంది.

ఐస్‌లాండ్‌లో కార్బన్ డయాక్సైడ్‌ని నీటిలో కరిగించి బసాల్ట్ (లావా గట్టిపడి ఏర్పడిన నల్లరాయి) లోకి పంపితే 95 శాతానికి పైగా రెండేళ్లలోపే రాయిగా మారింది. దక్కన్‌లో మనకూ బసాల్ట్ బోలెడుంది. కానీ ఆ పద్ధతిలో టన్నుకు పాతిక టన్నుల దాకా నీళ్లు కావాలి. మన మెట్ట ప్రాంతాల్లో అన్ని నీళ్లు అడగడానికి నాకు నోరు రాదు.

ఇక కేజీ బేసిన్. అక్కడ లోతున కొన్ని పొరల్లో సహజంగానే ప్రెజర్ ఎక్కువ, అంటే మనకు మిగిలే వెసులుబాటు తక్కువ. పొర పొరకూ విడిగా పరీక్ష చేయకుండా ఎవరు టన్నుల లెక్క చెప్పినా నేను నమ్మను. మాది కోనసీమ. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. రాత్రిళ్లు మా డాబా మీద నుంచి చూస్తే ఆకాశం ఎర్రగా ఉండేది, అమ్మ మమ్మల్ని దగ్గర పెట్టుకుని పడుకునేది. కార్బన్ డయాక్సైడ్ మండదు, నిజమే. కానీ గాలికంటే బరువైనది, లీకైతే పల్లంలో పేరుకుని ఊపిరాడనివ్వదు. రేపు మా వైపు ఇలాంటి బావి వేస్తే, ఇవాళ్టి ప్రెజర్ ఎంత, దాటకూడని హద్దు ఎంత అన్న రెండు అంకెలూ రోజూ పంచాయతీ ఆఫీసు బోర్డు మీద తెలుగులో రాయమని నేనే వెళ్లి అడుగుతాను.