పల్లం లేని పొలం

రాజోలు,
కార్తీక మాసం.

అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు ఎపిసోడ్లూ రెండేసి సార్లు చదివాను. మొదటిసారి కథ కోసం చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. అంతరిక్షంలో సేద్యం చేసే ఒక తాతా మనవరాలు, వాళ్లకు తోడు ఒక చిన్న రోబో, అదంతా బొమ్మల్ని చేత్తో కదిలిస్తూ ఒక్కో ఫోటో తీసే స్టాప్‌మోషన్‌లో, మన గోదారి తెలుగులో. పిల్లల కోసం నలభై ఏళ్లుగా రాస్తున్నాను గానీ ఇంత మంచి ఆలోచన ఈ మధ్యకాలంలో నా దగ్గరికి రాలేదు. అందుకే ఈ ఉత్తరం కాస్త పెద్దదవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు నాకు నచ్చనిది చెప్పేస్తాను. నీ స్క్రిప్టులో పొలం కనపడలేదు. మొదటి ఎపిసోడ్‌లో తాతయ్య విత్తనాలు చల్లాడు, అర పేజీ తిరక్కుండానే పంట కోసేశాడు. మధ్యలో పది కళ్ల గ్రహాంతరవాసి వచ్చాడు, దెబ్బలాట అయింది, అందరూ పరిగెత్తారు. ఆ దెబ్బలాట పొలంలో కాకుండా ఏ బజార్లో జరిగినా కథ మారదు. అంటే సేద్యం నీ కథకు వెనకాల కట్టిన తెర మాత్రమే అయింది. మాగాణి గట్ల మీద పెరిగిన పిల్లవి, నీకు తెలిసిన విషయాన్నే నువ్వు నమ్మలేదనిపించింది.

'నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు' అని మనకో సామెత ఉంది కదా. మన డెల్టా మొత్తం ఆ సామెతలో మొదటి సగం మీద నిలబడింది. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. నదిలో నీటిమట్టాన్ని కాస్త పైకి లేపారు. అక్కణ్ణించి ప్రధాన కాలువలోకి, అందులోంచి పిల్ల కాలువలోకి, బోదెలోకి, మడిలోకి, మిగిలింది మురుగు కాలువలోకి, చివరికి సముద్రంలోకి. నీళ్లు వాటంతటవే దిగుతాయి. మీ తాతగారు గట్టు మీద నిలబడి పారతో ఒక్క మట్టిపెళ్ల తీసి పక్కన పెడితే అరెకరం తడిసేది. నువ్వది చూస్తూనే పెరిగావు.

మరి పల్లమే లేని చోట?

నీ సీరియల్ ఈ ప్రశ్నలోనే ఉందని నా నమ్మకం. అంతరిక్ష కేంద్రంలో నీళ్లకు కిందా మీదా తెలియదు. పోస్తే పారవు, ఉండలా చుట్టుకుని తగిలిన దాన్నల్లా అంటుకుంటాయి. మొక్క వేరు చుట్టూ పొరలా పట్టుకుని దిగిపోకుండా అక్కడే ఉండిపోతే వేరుకు గాలి ఆడదు. ఇంక మొక్క ఊపిరాడక చచ్చిపోతుంది. ఇది చదువుతుంటే నీకు ఏం గుర్తొస్తోంది? నాకైతే మురుగు తీయని మన పల్లపు చేలు గుర్తొచ్చాయి. మన రైతుకు నీళ్లు తెచ్చుకోవడం కంటే నీళ్లు బయటికి పంపడమే పెద్ద టెన్షన్. వానాకాలపు సార్వా పంటలో వారం రోజులు ముసురు పడితే నారు ఏమవుతుందో మన ఊళ్లో పదేళ్ల పిల్లాడు చెబుతాడు. కాబట్టి మీ తాతయ్య బొమ్మ అంతరిక్షంలో మొదటి మొక్క వాడిపోవడం చూసి, కంప్యూటర్ ఏం చెప్పినా వినకుండా, వేరు పట్టి చూసి 'ఇది ముంపమ్మా' అనాలి. ఆ ఒక్క మాటతో ఆయన అక్కడికి ఎందుకు వెళ్లాడో పిల్లలకు అర్థమైపోతుంది.

ఇలాంటిది నిజంగానే జరిగింది. 2015 చివర్లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో పెంచుతున్న జినియా పూల మొక్కలకు తేమ ఎక్కువై బూజు పట్టింది. కింద భూమ్మీద వేసిన టైంటేబుల్ ప్రకారం కాకుండా, మొక్కను చూసి ఎప్పుడు నీళ్లు పెట్టాలో తానే నిర్ణయించుకుంటానని వ్యోమగామి స్కాట్ కెల్లీ అడిగాడు. సరేనని నాసా వాళ్లు ఆయనకు ఒక్క పేజీ సూచనలు పంపి ఊరుకున్నారు. 2016 జనవరిలో అవి పూశాయి. చేను చూసి నీళ్లు పెట్టాలని మన పెద్దవాళ్లు అనే మాట కూడా ఇదే. నీకు గ్రహాంతరవాసులతో పనేముంది చెప్పు?

ఇక ముంపుకు పరిష్కారం ఏమిటి? అది కూడా నీ ఇంట్లోనే ఉంది. ఈ నెలంతా మీ అమ్మ సాయంత్రం దీపం పెడుతుంది కదా. ప్రమిదలో అడుగునున్న నూనె ఒత్తి పట్టుకుని పైకి ఎక్కుతుంది. దానికి పల్లంతో పనిలేదు, అందుకే బరువు తెలియని చోట కూడా ఒత్తి అలాగే పీలుస్తుంది. స్టేషన్‌లో మొక్కల్ని పెంచే సంచుల్లో వాడేదీ ఈ గుణమే. ఆ సంచుల్లో మట్టికి బదులు కాల్చిన బంకమట్టి పలుకులు పోస్తారు. పలుకుల సందుల్లో నీరూ గాలీ రెండూ నిలుస్తాయి. విత్తనాన్ని ఒత్తిలాంటి గుడ్డముక్కలో పెడతారు. మనవరాలికి కార్తీక దీపం గుర్తొచ్చి, తన లంగా అంచు చింపి ఒత్తి పేనితే ఎపిసోడ్ పూర్తవుతుంది. ఈ ఉపాయం ఎవరూ మాటల్లో వివరించక్కర్లేదు. చుక్క చుక్కగా గుడ్డ తడి రంగు మారుతూ పైకి పాకడం చూపిస్తే చాలు, ఇంట్లో ప్రతి పిల్లా ఒక గుడ్డపేలిక గ్లాసులో వేసి చూసుకుంటుంది.

ఇప్పుడు స్టాప్‌మోషన్ సంగతి. పాత ధాన్యం గోడౌన్‌లో మీ స్నేహితులు ముగ్గురు బొమ్మల్ని కదిలిస్తున్నారని రాశావు. వాళ్ల వేళ్లను దృష్టిలో పెట్టుకుని రాయి. సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 ఫోటోలు. ఒక్కో భంగిమకు రెండేసి ఫ్రేములు తీసినా సెకనుకు 12 సార్లు బొమ్మను కదపాలి. పదకొండు నిమిషాల ఎపిసోడ్‌కు 15,840 ఫ్రేములు, 7,920 కదలికలు. రోజుకు అయిదు సెకన్లు వస్తే 132 రోజుల పని. నువ్వు రెండో ఎపిసోడ్‌లో 'వరద వచ్చింది, ఎనిమిదిమందీ పరిగెత్తారు' అని ఒక్క లైనులో రాసేశావు. ఆ పరుగు పది సెకన్లు ఉంటే 120 భంగిమలు, ఎనిమిది బొమ్మలు. 960 సార్లు ఎవరో ఒకరు వంగి ఒక బొమ్మ కాళ్లూ చేతులూ సర్దాలి. బొమ్మ లోపలి తీగ విరిగితే మళ్లీ మొదటికి. అదే తాతయ్య ఒక్కడే చెవి ఒగ్గి ఏదో చప్పుడు వింటున్నాడనుకో, తల కొద్దిగా తిరుగుతుంది, చెయ్యి ఆగిపోతుంది. చూసే పిల్లల గుండె ఎక్కువ కొట్టుకునేది ఇక్కడే. పరుగు రాసే ముందు ప్రతిసారీ ఈ లెక్క వేసుకో.

ఊడ్పుల్లో మన ఆడవాళ్లు వెనక్కి నడుస్తూ ఒక్కో మొక్కా గుచ్చడం చూశావుగా. ఎకరం నిండిందని గట్టెక్కాకే తెలుస్తుంది. మీ యానిమేటర్లు చేసేదీ అంతే ఓపికైన పని. వాళ్లను వృథాగా వంచకు.

నేను ఒక విషయం గమనించి చాలా ఆనందపడ్డాను. మట్టిబొమ్మల సినిమాలో అన్నిటికంటే కష్టమైనది పారే నీరు. ఫోటోకీ ఫోటోకీ మధ్య నీళ్లు ఊరుకోవు కదా. అంతరిక్షంలో నీళ్లు పారవు! ఉండలా ఉంటాయి. ఒక గాజు గోలీ, లేదా గ్లిజరిన్ చుక్క, లేదా జుట్టుకు రాసుకునే జెల్ సన్నటి తీగ చివర పెడితే సరిపోతుంది. నీ కథకు కావలసినదీ మీ గోడౌన్‌లో చేయగలిగినదీ ఒక్కటే అయింది. ఇలా కలిసిరావడం రచయితకు తరచూ జరగదు, దీన్ని పూర్తిగా వాడుకో. కష్టమల్లా మనుషులు తేలడం దగ్గరే. బొమ్మ గాల్లో ఉండాలంటే వెనక కమ్మీ పెట్టి, తర్వాత కంప్యూటర్లో దాన్ని చెరపాలి. అందుకని పాత్రల్ని అస్తమానం తేలనివ్వకు. నిజమైన వ్యోమగాములు కూడా పని చేసేటప్పుడు కమ్మీల కింద పాదాలు దూర్చి నిలబడతారు. మీ బొమ్మ పాదాన్నీ అలాగే స్క్రూతో బిగించొచ్చు. తేలేది ఒక్క వడ్లగింజ, ఒక్క నీటి ఉండ, తాతయ్య భుజం మీది కండువా కొస. అంత చాలు.

రంగు గురించి ఒక మాట. స్టేషన్‌లో మొక్కలకు ఎక్కువగా ఎరుపు, నీలం దీపాలే పెడతారు, అందుకని తోట అంతా గులాబీ ఊదా రంగులో ఉంటుంది, ఆ వెలుగులో ఆకు నల్లగా కనిపిస్తుంది. ఎపిసోడ్ అంతా ఆ వెలుగులోనే నడిపి, చివర్లో మనవరాలు ఒక్కసారి తెల్లదీపం వేస్తే? అప్పుడు కనిపించే పచ్చదనానికి సంగీతం కూడా అక్కర్లేదు. రెండో పంట దాళ్వా చేలు మొదటిసారి పచ్చబడ్డప్పుడు గట్టు మీద ఆగిపోయేవాళ్లు మన ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు.

మాటలు తగ్గించు. తాతయ్యతో 'రైతే దేశానికి వెన్నెముక' అని మూడుసార్లు అనిపించావు, మూడూ కొట్టేశాను. విటమిన్ల ఉపన్యాసం కూడా. పెదాలు కదిలే ప్రతి మాటకూ నోటి ముక్కలు మార్చాలి, అది వేరే శ్రమ. రోబోకు అసలు నోరే పెట్టకు. దానికి ఒక్క మాట ఇవ్వు: 'ఆయ్'. మన వాళ్లు ఒప్పుకున్నా 'ఆయ్' అంటారు, ఆశ్చర్యపోయినా 'ఆయ్?' అంటారు, బుద్ధిగా వింటున్నామని చెప్పడానికీ 'ఆయ్' అంటారు. ఆ ఒక్క మాటను ఇరవై రకాలుగా పలికే పిల్లాడు మీ వీధిలోనే దొరుకుతాడు. అమలాపురం నుంచి నరసాపురం దాకా ప్రతి ఇల్లూ ఆ రోబోను సొంతం చేసుకుంటుంది.

ఇక పంటలు. నువ్వు ఊహించుకున్న 'వజ్రపు పండు' అక్కర్లేదు, నిజంగా పండినవే అద్భుతంగా ఉన్నాయి. 2022లో చైనా వాళ్లు తమ అంతరిక్ష కేంద్రంలో వరి విత్తనం వేసి మళ్లీ విత్తనం తీశారు, 120 రోజుల్లో. మన స్వర్ణ వరి దాదాపు 150 రోజులు తీసుకుంటుంది. మారుటేరులో పుట్టిన ఆ వంగడం సంచుల మీద ఎం.టి.యు. 7029 అని చూసే ఉంటావు. అంతరిక్షంలో పొట్టకొచ్చిన వరి! తాతయ్య ఆ కంకిని వేళ్లతో నలిపి గింజ పాలు పోసుకుందో లేదో చూసే దృశ్యం నేనే రాసేద్దామా అనిపించింది, కానీ అది నీది. 2024 డిసెంబర్ 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ రాకెట్‌లో ఇస్రో ఎనిమిది అలసంద గింజలు పంపింది, నాలుగు రోజుల్లో మొలకెత్తాయి. అలసందలంటే మన బొబ్బర్లే. ముంపుకు అస్సలు ఆగని పైరు. నీ మొదటి ఎపిసోడ్‌కు ఇంతకంటే సరైన మొక్క లేదు.

చివరిగా, నువ్వు భయపడి తప్పించుకున్న విషయం ఒకటుంది. నీ మూడు ఎపిసోడ్లలోనూ ఒక్క మొక్కా చావలేదు. 2019 జనవరిలో చంద్రుడి అవతలి వైపు దిగిన చైనా నౌకలో, ఒక డబ్బాలో పత్తి గింజ మొలకెత్తింది. రెండు వారాల చంద్రరాత్రి మొదలవగానే చలికి చచ్చిపోయింది. ఆ మొలకను గురించి ఒక ఎపిసోడ్ రాయి. 'చిన్నపిల్లలు కదా, బాధపడతారేమో' అంటావు. 1996 నవంబర్ 6 తుపాను తర్వాత నేను బడికి వెళ్తే పైకప్పు లేదు, చుట్టూ కొబ్బరిచెట్లు విరిగి పడున్నాయి. రెండో తరగతి పిల్ల ఒకత్తె నా చెయ్యి పట్టుకుని అడిగింది, 'మాస్టారూ, చెట్టు పడిపోతే దాని నీడ ఎక్కడికి వెళ్తుంది?' అని. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ పిల్లా నేనూ కలిసి ఆ చెట్టు దగ్గరే కాసేపు కూర్చున్నాం. మర్నాడు ఆ పిల్ల ఒక మొలకెత్తిన కొబ్బరికాయ తెచ్చింది, బడి వెనకాల పాతాం. నీ మనవరాలు బొమ్మను కూడా ఆ డబ్బా పక్కన అలా కూర్చోనివ్వు. పది సెకన్లు ఏమీ కదలకపోయినా ఫరవాలేదు, రెప్ప మాత్రం ఒకసారి వాల్చాలి. తాతయ్య ఓదార్పు మాటలు చెప్పకూడదు. పక్కన వచ్చి కూర్చుంటే చాలు.

ఇప్పుడు చేయాల్సిన పని చెబుతాను. ఒక గుప్పెడు బొబ్బర్లు రాత్రి నానబెట్టు. పొద్దున తడిగుడ్డలో నాలుగు గింజలు, కాల్చిన పెంకు పలుకుల్లో నాలుగు గింజలు, నీళ్లు నిండుగా నిలిచిన మట్టిలో నాలుగు గింజలు పెట్టు. కెమెరా కదలకుండా, దీపం మారకుండా, పది నిమిషాలకొక ఫోటో తీయించు. మొలక తల ఎత్తేటప్పుడు ఎలా వణుకుతుందో, మునిగిన గింజ ఎప్పుడు చేతులెత్తేస్తుందో చూసి, అది చూశాక మొదటి ఎపిసోడ్ మళ్లీ మొదట్నించి రాయి. ఆరు పేజీలు దాటనివ్వకు.

ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక ఒకసారి రాజోలు రా. మా రేవు దగ్గర కాలువ అడుగున మంచి బంకమట్టి దొరుకుతుంది, ఎండ ముదరకముందే తీసుకోవాలి. మీ స్నేహితుల్ని కూడా తీసుకురా, తాతయ్య మొహం ఎలా చేస్తున్నారో నాకు చూడాలని ఉంది. మీ అమ్మగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
మాస్టారు