త్రోవులాన్ అంటే ఊరా, మండలమా? దాని చరిత్ర ఏమిటి?

త్రోవులాన్ ఇండోనేషియాలోని తూర్పు జావా రాష్ట్రం, మొజొకెర్తో జిల్లాలో ఒక కెచమతన్. మన మండలం లాంటిదే అనుకోవచ్చు. జిల్లాకు ఎన్నికైన అధిపతి ‘బుపతి’ (మన ‘భూపతి’ మాటే). కెచమతన్‌ను నడిపే ‘చమత్’ మాత్రం ఎన్నికైన నాయకుడు కాదు, బుపతి నియమించే ప్రభుత్వ ఉద్యోగి. అతని కింద ఉండే గ్రామాన్ని ‘దేశ’ అంటారు, దాని పెద్దను ఊరివాళ్లే ఎన్నుకుంటారు.

బ్రంతస్ నది మైదానంలోని ఈ వరి, చెరకు పొలాల కిందే 1293లో పుట్టిన మజపహిత్ సామ్రాజ్యపు రాజధాని ఉందని పండితుల అభిప్రాయం. ఎర్ర ఇటుకల బజంగ్ రతు ద్వారం, సుమారు 6 హెక్టార్ల సెగరన్ చెరువు ఇప్పటికీ చూడవచ్చు. 1914లో ఎలుకలను తరుముతూ తవ్వితే బయటపడిన స్నానఘట్టానికి ‘చండి తికుస్’, అంటే ఎలుకల గుడి అన్న పేరే స్థిరపడింది.

నన్ను కలచివేసేది ఒకటే: ఇక్కడి ఎందరికో ఇటుకల తయారీయే జీవనాధారం. బట్టీ కోసం మట్టి తవ్వే గునపానికే ఆ పాత నగరపు గోడలు తగులుతున్నాయి. 2013లో జాతీయ వారసత్వ ప్రాంతంగా ప్రకటించినా, కూలికి మరో దారి చూపకుండా ఆ తవ్వకం ఆగదు.