డెస్క్‌టాప్‌పై బిల్డ్ అయ్యే ప్రాజెక్టు ఆర్మ్ బోర్డుకు మాత్రం ఎందుకు లింక్ కావడం లేదు?

తిరుపతిలో ఇంజనీరింగ్ చదువుతున్న మీరు, జీసీసీ కంపైలర్ 9వ వెర్షన్ నుంచి 10కు మారాక ల్యాబ్ డెస్క్‌టాప్‌పై మామూలుగానే బిల్డ్ అవుతున్న సీ ప్రాజెక్టు 64 బిట్ ఆర్మ్ బోర్డుకు మాత్రం 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' (పిలిచిన పేరుకు నిర్వచనం దొరకలేదు) అంటూ ఆగిపోతోందనీ, 'ఏఆర్చ్64'తో మొదలయ్యే ఆ పేరు మీ కోడ్‌లో ఎక్కడా లేదనీ అడిగారు.

ఆ పేరును చేర్చింది కంపైలరే. 2020లో వచ్చిన జీసీసీ 10.1 నుంచి, ఆర్మ్ 64 బిట్‌లో అటామిక్ కూడికల (మధ్యలో మరో థ్రెడ్ జోక్యం లేకుండా ఒక్కటిగా పూర్తయ్యే కూడికల) వంటి వాటికి నేరుగా ఇన్‌స్ట్రక్షన్లు రాయకుండా, జీసీసీతో పాటే వచ్చే సహాయక లైబ్రరీ లిబ్‌జీసీసీలోని చిన్న ఫంక్షన్లను పిలవడం డిఫాల్ట్ అయింది. ప్రాసెసర్‌లో ఆర్మ్ వీ8.1 అటామిక్ ఇన్‌స్ట్రక్షన్లు ఉన్నాయో లేదో ఆ ఫంక్షన్లు రన్ అయ్యేటప్పుడే చూసుకుని, లేకపోతే పాత లూప్ పద్ధతిలో పని కానిస్తాయి. డెస్క్‌టాప్‌లలో ఉండే ఎక్స్86 ప్రాసెసర్లకు ఈ మార్పు లేదు. మీ మేక్‌ఫైల్‌లో ప్రామాణిక లైబ్రరీలను లింక్ చేయవద్దని చెప్పే 'నోస్టడ్‌లిబ్' ఫ్లాగు ఉంటే లిబ్‌జీసీసీ కూడా లింక్ కాదు కాబట్టి దోషం అక్కడే బయటపడుతుంది.

నిర్ధారణకు, ఒకే సోర్స్ ఫైలును ఒకే ఫ్లాగులతో ఆర్మ్‌కు కంపైల్ చేసే జీసీసీ 9, 10 రెండింటితోనూ లింక్ చేయకుండా ఆబ్జెక్ట్ ఫైలు వరకే కంపైల్ చేసి, ఆబ్జెక్ట్ ఫైలులోని పేర్లను చూపే 'ఎన్ఎమ్' టూల్ ఇచ్చే నిర్వచనం లేని పేర్ల జాబితాలను పోల్చండి. చాలామంది ఈ పని చేయకుండానే కోడ్‌ను తిరగరాస్తారు, అది వృథా శ్రమ.

లింక్ కమాండ్ చివర లిబ్‌జీసీసీని చేర్చడం నా దృష్టిలో మేలైన మార్గం. అది కుదరని ఫర్మ్‌వేర్‌లో ఆ ఫంక్షన్లను పిలవకుండా ఆపే 'ఎమ్‌నో-అవుట్‌లైన్-అటామిక్స్' ఫ్లాగు పెట్టి, పాత ఆబ్జెక్ట్ ఫైళ్లన్నీ తీసేసి మళ్లీ బిల్డ్ చేయాలి. ముందే కంపైలై వచ్చిన స్టాటిక్ లైబ్రరీలకు మాత్రం ఈ ఫ్లాగు వర్తించదు.